రొమ్ము క్యాన్సర్‌కు హార్మోన్ మాత్రలు: చెన్నైకి వచ్చే మన ఆడవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

క్యాన్సర్ అనగానే నెల్లూరు, గూడూరు, తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళకు ముందు గుర్తొచ్చే ఊరు చెన్నై. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చొరవతో అడయారులో క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది. ఇప్పుడు నగరంలో చికిత్స చేసేచోట్లు చాలా ఉన్నాయి. ఓపీ వరండాలో కూర్చుంటే నాలుగు బెంచీలకు ఒక బెంచీ మీద తెలుగు వినిపిస్తుంది. ఆపరేషన్ గురించి, కీమో గురించి చెప్పేవాళ్ళు అక్కడ దొరుకుతారు. అన్నీ అయిపోయాక, ఇంటికి వెళ్ళే రోజున చీటీ మీద రాసిచ్చే చిన్న మాత్ర గురించి మాత్రం అరవం, ఇంగ్లీషు కలిసిన రెండు మాటలు చెప్పి పంపేస్తారు. ఆ మాత్రను అయిదేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు వేసుకోవాలి.

నేనూ ఆ మాత్రలు వేసుకుంటున్నదాన్నే. ఈ ఊళ్ళో కాపురముంటూ కొన్నేళ్ళుగా మనవాళ్ళకు రిపోర్టులు చదివి చెబుతున్నాను. డాక్టరును కాను. ఇక్కడ రాసినది మీ డాక్టరును సరైన ప్రశ్న అడగడానికి పనికొస్తే చాలు.

హార్మోన్ మాత్రలంటే ఒంట్లోకి హార్మోన్లు ఎక్కించే మాత్రలా?

అందరూ ముందు భయపడేది ఇక్కడే. ఇవి హార్మోన్లను అడ్డుకునే మందులు. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్ కణాలకు మన ఒంట్లో సహజంగా ఉండే ఈస్ట్రోజెన్ ఎరువులా పనిచేస్తుంది. ఆ కణాల్లో ఈస్ట్రోజెన్ వచ్చి కూర్చునే చోట్లుంటాయి. వాటినే రిసెప్టర్లు అంటారు. రద్దీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకున్నట్టు, టామోక్సిఫెన్ అనే మాత్ర ముందే వెళ్ళి ఆ చోటు ఆక్రమించుకుంటుంది. ఈస్ట్రోజెన్ ఒంట్లో ఉన్నా దానికి కూర్చునే చోటు దొరకదు.

లెట్రొజోల్, అనస్ట్రజోల్, ఎక్జెమెస్టేన్ అనేవి మరో దారిలో వెళతాయి. ముట్లుడిగాక అండాశయాలు పనిచేయకపోయినా మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే పదార్థాలు కొవ్వులో, కండలో అరోమటేజ్ అనే ఎంజైము వల్ల ఈస్ట్రోజెన్‌గా మారుతూనే ఉంటాయి. ఈ మూడు మందులూ ఆ ఎంజైమునే ఆపేస్తాయి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1896లోనే గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జన్ రొమ్ము క్యాన్సర్ ముదిరిన స్త్రీలకు అండాశయాలు తీసేస్తే గడ్డ తగ్గుతుందని చూపించారు. అప్పటికి ఈస్ట్రోజెన్ అనేదొకటి ఉందని కూడా ఎవరికీ తెలియదు. టామోక్సిఫెన్‌ను 1962లో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసినప్పుడు కంపెనీ వెతుకుతున్నది గర్భనిరోధక మాత్ర కోసం. దానికి అది పనికిరాలేదు. ఇన్ని లక్షల మంది ఆడవాళ్ళకు ఆయుష్షు పోసింది.

నాకు ఈ మాత్ర పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్ అనే రెండు వరుసలు వెతకండి. మొదటిది ఈస్ట్రోజెన్ రిసెప్టరు, రెండోది ప్రొజెస్టరాన్ రిసెప్టరు. ఒక శాతం కణాల్లో కనిపించినా పాజిటివ్ అనే అంటారు, కానీ ఒకటి నుంచి పది శాతం మధ్య ఉంటే మందు వల్ల లాభం తక్కువ కావచ్చు. తొంభై శాతం అని ఉంటే మంచి సూచన. రెండూ నెగెటివ్ అయితే ఈ మాత్రలతో ఉపయోగం లేదు. పక్క మంచం ఆవిడకు ఇచ్చారు, నాకెందుకు ఇవ్వలేదని మథనపడకండి.

ఆ కాగితం పోగొట్టుకోవద్దు. ఒకావిడ బట్టల కొట్టు సంచిలో ఆరేళ్ళ బిల్లులన్నీ భద్రంగా దాచుకుని వచ్చింది. మందుల షాపు రసీదులతో సహా అన్నీ ఉన్నాయి, ఈఆర్ పీఆర్ కాగితం ఒక్కటే లేదు. ల్యాబులో దాచి ఉంచే గడ్డ ముక్క (బ్లాకు) కోసం వెతికించి మళ్ళీ పరీక్ష చేయించేసరికి మూడు వారాలు పట్టింది.

నాకు టామోక్సిఫెన్ ఇచ్చారు, మా వదినకు లెట్రొజోల్ ఇచ్చారు. ఎందుకీ తేడా?

ముఖ్యంగా నెలసరిని బట్టి. నెలసరి ఇంకా వస్తున్న వాళ్ళకు, వయసుతో సంబంధం లేకుండా, టామోక్సిఫెన్ పనిచేస్తుంది. రోజుకు 20 మిల్లీగ్రాములు. ముట్లుడిగినవాళ్ళలో లెట్రొజోల్ వర్గం మందులు ఇంకొంచెం మెరుగు. రెండు రకాలనూ పోల్చిన పరిశోధనలన్నీ కలిపి 2015లో లెక్క కట్టినప్పుడు, పదేళ్ళలో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళు టామోక్సిఫెన్ వాడినవాళ్ళలో 14.2 శాతం, రెండో వర్గం వాడినవాళ్ళలో 12.1 శాతం ఉన్నారు.

అయితే అండాశయాలు పనిచేస్తున్నప్పుడు లెట్రొజోల్ ఒక్కటే వేసుకుంటే అది పనిచేయకపోగా అండాశయాలను ఇంకా రెచ్చగొడుతుంది. అందుకే చిన్న వయసులో తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళకు గోసెరెలిన్ లేదా ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్ నెలనెలా ఇచ్చి అండాశయాలను నిద్రపుచ్చి, ఆ పైన ఈ మాత్ర ఇస్తారు.

ఒక జాగ్రత్త నొక్కి చెప్పాలి. కీమో వల్ల నెలసరి ఆగిపోవడం వేరు, ముట్లుడగడం వేరు. నలభై రెండేళ్ళ మనిషికి కీమో తర్వాత ఏడాది పాటు నెలసరి రాకపోవచ్చు, ఆ తర్వాత అండాశయాలు మళ్ళీ మేలుకోవచ్చు. ఊళ్ళో డాక్టరు 'మీకు నెలసరి ఆగింది కదా' అని మాత్ర మారుస్తానంటే, ముందు హార్మోన్ల రక్తపరీక్ష చేయించి మీ ఆంకాలజిస్టుతో, అంటే క్యాన్సర్ డాక్టరుతో, మాట్లాడాకే మార్చుకోండి. లెట్రొజోల్ మొదలుపెట్టాక మళ్ళీ రక్తస్రావం కనిపిస్తే ఆ వారమే వెళ్ళండి.

నిజంగా ఎంత లాభం?

ఈఆర్ పాజిటివ్ ఉన్నవాళ్ళు అయిదేళ్ళు టామోక్సిఫెన్ వాడితే, వాడే ఆ అయిదేళ్ళలో క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుంది. ఆపేశాక కూడా తర్వాతి అయిదేళ్ళలో మూడోవంతు తగ్గుదల మిగిలి ఉంటుంది. పదిహేనేళ్ళ కాలానికి చూస్తే రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు మూడోవంతు తగ్గాయి. ఇరవై వేల మందికి పైగా స్త్రీల వివరాలు కలిపి చూసి 2011లో ప్రకటించిన ఫలితం ఇది. కొన్ని రూపాయల మాత్ర చేసే పని ఇది అంటే మొదట నేను నమ్మలేదు.

'సగం' అనే మాటను మాత్రం మీ సొంత లెక్కలోకి దించుకోవాలి. మాట వరసకు, మీలాంటి వంద మందిలో ముప్ఫై మందికి తిరగబెట్టే అవకాశం ఉందనుకుందాం. సగమంటే పదిహేను మంది బయటపడినట్టు. గడ్డ చాలా చిన్నదై, చంకలోని గ్రంథులకు పాకకపోతే ఆ ముప్ఫై కాస్తా ఆరే కావచ్చు. అప్పుడు బయటపడేది ముగ్గురు. మందు అదే, ఇబ్బందులూ అవే, లాభం మాత్రం మనిషికొక రకం. అందుకే డాక్టరును ఇలా అడగండి: "మాత్ర వేసుకోకపోతే నాకు ఎంత ప్రమాదం? వేసుకుంటే ఎంతకు తగ్గుతుంది?" నూటికి ఎంతమంది అనే లెక్కలో చెప్పమనండి.

ఆపరేషన్ అయింది, స్కానింగులో ఏమీ లేదన్నారు. మరి అయిదేళ్ళు ఎందుకు?

ఎక్కువ మంది మాత్ర ఆపేసేది ఈ ప్రశ్న దగ్గరే, అదీ ఎవరికీ చెప్పకుండా. నా బాధంతా దీని గురించే.

ఈఆర్ పాజిటివ్ క్యాన్సర్ ఓపికైన శత్రువు. మిగతా రకాలు తిరగబెడితే ఎక్కువగా మొదటి కొన్నేళ్ళలోనే తిరగబెడతాయి. ఇది పదేళ్ళకో పదిహేనేళ్ళకో ఎముకలోనో కాలేయంలోనో తలెత్తవచ్చు. అయిదేళ్ళు మాత్రలు వాడి ఆపిన దాదాపు 63 వేల మంది స్త్రీల వివరాలతో 2017లో ఒక పరిశోధన వచ్చింది. గడ్డ రెండు సెంటీమీటర్ల లోపు ఉండి, గ్రంథులకు పాకనివాళ్ళలో కూడా అయిదో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు లోపల శరీరంలో దూరంగా మరోచోట క్యాన్సర్ కనిపించిన వాళ్ళు 13 శాతం. గడ్డ అంతే చిన్నదైనా ఒకటి నుంచి మూడు గ్రంథులకు పాకినవాళ్ళలో 20 శాతం. స్కానింగు కంటికి కనబడనంత చిన్న కణాలు ఎక్కడో మిగిలి ఉండటమే కారణం. వాటికి ఎరువు అందకుండా చూడటమే ఈ మాత్ర పని.

లాభం కంటికి కనబడదు, ఇబ్బంది రోజూ కనబడుతుంది. ఒళ్ళు నొప్పులు ఉన్నాయి, క్యాన్సర్ లేదు, ఇంక మందెందుకు అని మనసు అంటుంది. అలా అనిపించడం తప్పు కాదు. కానీ మధ్యలో మానేసినవాళ్ళలో క్యాన్సర్ తిరగబెట్టడం, మరణాలు ఎక్కువగా ఉన్నట్టు చాలా పరిశోధనల్లో తేలింది. మానేయాలనిపిస్తే ముందు డాక్టరుతో ఆ మాట అనండి. మందు మార్చవచ్చు, కొన్ని వారాలు విరామం ఇచ్చి చూడవచ్చు, ఇబ్బందికి విడిగా చికిత్స చేయవచ్చు.

టామోక్సిఫెన్ వల్ల గర్భసంచి క్యాన్సర్ వస్తుందట కదా?

రావచ్చు. దాచాల్సిన విషయం కాదు. రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే ఈ మందు గర్భసంచి లోపలి పొర మీద మాత్రం కొంతవరకు ఈస్ట్రోజెన్‌లాగే పనిచేస్తుంది. ముట్లుడిగిన స్త్రీలలో ఈ ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. 'రెట్లు' అనే మాట వినగానే గుండె జారుతుంది కాబట్టి అసలు అంకెలు చూడండి. అట్లాస్ అనే పెద్ద పరిశోధనలో అయిదో ఏడు నుంచి పద్నాలుగో ఏడు వరకు గర్భసంచి క్యాన్సర్ వచ్చినవాళ్ళు, అయిదేళ్ళు మాత్రమే వాడినవాళ్ళలో 1.6 శాతం, పదేళ్ళు వాడినవాళ్ళలో 3.1 శాతం. అదే కాలంలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 15 శాతం నుంచి 12.2 శాతానికి తగ్గాయి. గర్భసంచి క్యాన్సర్ రక్తస్రావంతో త్వరగా బయటపడుతుంది, కాబట్టి ఎక్కువ మందికి నయమవుతుంది.

ముట్లుడిగాక ఒక్క చుక్క రక్తం కనబడినా, గులాబీ రంగు మరక అయినా, గైనకాలజిస్టు దగ్గరకు వెళ్ళాలి. ఇబ్బందేమీ లేనివాళ్ళకు ఏటేటా గర్భసంచి స్కానింగు అవసరం లేదు. టామోక్సిఫెన్ వల్ల లోపలి పొర మందంగా కనిపించి, లేనిపోని పరీక్షలకు దారితీస్తుంది.

రెండో ప్రమాదం కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టడం, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరడం. వచ్చేది కొద్దిమందికే, కానీ వస్తే ప్రాణాంతకం కావచ్చు. గతంలో గడ్డకట్టిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి. మోకాలి ఆపరేషన్ లాంటివి ఉంటే ఆ సర్జనుకు ఈ మాత్ర సంగతి తప్పక తెలియాలి. విజయవాడ, హైదరాబాదు నుంచి రాత్రంతా బస్సులో వచ్చేవాళ్ళు ఆపిన చోటల్లా దిగి నాలుగు అడుగులు వేయండి, నీళ్ళు తాగండి.

కంటి శుక్లం, కాలేయంలో కొవ్వు, తెల్లబట్ట కూడా కొందరికి ఉంటాయి. చూపు మసకబారితే కంటి డాక్టరుకు చూపించాలి.

ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి రాత్రుళ్ళు నిద్ర ఉండటం లేదు. ఏం చేయాలి?

కత్తిరి ఎండల్లో చెన్నైలో మామూలు మనిషికే ఊపిరాడదు. అలాంటప్పుడు లోపలి నుంచి కూడా సెగ తగిలితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మెడ దగ్గర మొదలై ముఖం మీదికి ఎగబాకి, రెండు నిమిషాల్లో జాకెట్టు తడిసిపోతుంది. నూలు బట్టలు, పడక దగ్గర తడి తువ్వాలు, రాత్రి భోజనంలో కారం తగ్గించడం, సాయంత్రం తర్వాత కాఫీ మానడం కొంత సాయపడతాయి. చాలామందికి కొన్ని నెలల్లో ఉధృతి తగ్గుతుంది.

తగ్గకపోతే మందులున్నాయి. వెన్లాఫాక్సిన్, గబాపెంటిన్ వంటివి ఇస్తారు. పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ అనే మానసిక వ్యాధుల మందులు మాత్రం టామోక్సిఫెన్ ఒంట్లో చురుకైన రూపంలోకి మారకుండా అడ్డుపడతాయి. నిద్ర కోసమో దిగులు కోసమో వేరే డాక్టరు దగ్గరకు వెళితే టామోక్సిఫెన్ చీటీ తప్పక చూపించండి.

లెట్రొజోల్ మొదలుపెట్టాక కీళ్ళు పట్టేస్తున్నాయి. ఇది మామూలేనా?

చాలామందికి వస్తుంది. నేను టామోక్సిఫెన్ నుంచి లెట్రొజోల్‌కు మారిన రెండో నెలలో ఒక పొద్దున కాఫీ ఫిల్టరు పై గిన్నెను తిప్పి ఊడదీయలేకపోయాను. వేళ్ళు మడత పడవు. మంచం దిగి మొదటి పది అడుగులు తొంభై ఏళ్ళ ముసలమ్మలా నడిచాను. ఎముకల్లోకి పాకిందేమోనని మూడు రాత్రులు ఏడ్చాను. నాకు మందు రాసినచోట ఈ సంగతి ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మూడు రాత్రులు మిగిలేవి.

ఈస్ట్రోజెన్ బాగా తగ్గిపోవడం వల్ల వచ్చే బిగుతు ఇది. రెండు చేతులకూ, రెండు మోకాళ్ళకూ సమానంగా ఉంటుంది, కదిలేకొద్దీ సడలుతుంది. ఒకేచోట ఆగకుండా పెరుగుతున్న నొప్పి, రాత్రిపూట నిద్రలేపే నొప్పి అయితే వేరే పరీక్ష కావాలి. కదలికే దీనికి మందు: రోజూ నడక, వారానికి రెండు మూడుసార్లు కండరాలకు పని చెప్పే వ్యాయామం. గోరువెచ్చటి నీళ్ళలో వేళ్ళు ముంచి మడిచి తెరవడం నాకు బాగా పనిచేసింది. అయినా తగ్గకపోతే లెట్రొజోల్ పడనివాళ్ళకు ఎక్జెమెస్టేనో అనస్ట్రజోలో పడవచ్చు. డులోక్సెటిన్ అనే మందు కూడా కొందరికి ఇస్తారు, కానీ టామోక్సిఫెన్ వాడేవాళ్ళకు అది అంత మంచిది కాదు. ఏదీ పడకపోతే టామోక్సిఫెన్‌కు మారవచ్చు.

ఎముకల సంగతి?

లెట్రొజోల్ వర్గం మందులు ఎముకలను గుల్ల చేస్తాయి, విరిగే ప్రమాదాన్ని పెంచుతాయి. ముట్లుడిగినవాళ్ళలో టామోక్సిఫెన్ దీనికి విరుద్ధంగా ఎముకకు కాస్త బలమే. అందుకని మాత్ర మొదలుపెట్టేటప్పుడే ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాను చేయించి, ఒకటి రెండేళ్ళకోసారి మళ్ళీ చూడాలి. కాల్షియం, విటమిన్ డి సరిచూసుకోవాలి. ఎండ పుష్కలంగా ఉన్న ఊళ్ళలో కూడా మన ఆడవాళ్ళలో విటమిన్ డి తక్కువగానే ఉంటుంది. ఆరు నెలలకోసారి ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షను ఎముకను కాపాడుతుంది. ముట్లుడిగినవాళ్ళలో క్యాన్సర్ ఎముకకు పాకే ప్రమాదాన్నీ కొంత తగ్గిస్తుంది. దానికి ముందు పళ్ళ డాక్టరుకు చూపించి, పుచ్చు పళ్ళ పని ముగించుకోండి.

భర్తతో దగ్గరగా ఉండలేకపోతున్నాను. ఎవరిని అడగాలి?

ఈ ప్రశ్నను ఓపీలో ఎవరూ అడగరు. వరండా చివరికి పిలిచి, గొంతు తగ్గించి నన్ను అడుగుతారు. యోని పొడిబారడం, మంట, నొప్పి ఈ మందుల వల్ల వచ్చేవే, ముఖ్యంగా లెట్రొజోల్‌తో. అది మీ లోపమూ కాదు, మీ మనసు మారడమూ కాదు. హార్మోన్లు లేని మాయిశ్చరైజర్లు వారానికి రెండు మూడుసార్లు, కలిసేటప్పుడు నీటి ఆధారిత జెల్లు వాడవచ్చు. ఈస్ట్రోజెన్ ఉన్న క్రీములు ఆంకాలజిస్టును అడగకుండా వాడకూడదు. మీ భర్తను ఒక్కసారైనా డాక్టరు గదిలోకి తీసుకెళ్ళండి. మనం చెబితే సాకులా వినిపించేది డాక్టరు చెబితే అర్థమవుతుంది.

పెళ్ళయి రెండేళ్ళే అయింది. పిల్లలు పుడతారా?

టామోక్సిఫెన్ వాడుతూ గర్భం దాల్చకూడదు. బిడ్డకు లోపాలు రావచ్చు. నెలసరి సరిగా రాకపోయినా గర్భం రావచ్చు కాబట్టి కాపర్ టీ, కండోమ్ వంటి హార్మోన్ లేని పద్ధతి ఉండాలి. గర్భనిరోధక మాత్రలు వద్దు. పిల్లలు కావాలనుకునేవాళ్ళకు ఆశ ఉంది. 2023లో వచ్చిన పాజిటివ్ అనే పరిశోధనలో, ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళు మందు వాడి, డాక్టర్ల పర్యవేక్షణలో రెండేళ్ళ వరకు ఆపి బిడ్డ కోసం ప్రయత్నించినవాళ్ళలో క్యాన్సర్ తిరగబెట్టడం స్వల్పకాలంలో పెరగలేదు. దూరకాలపు ఫలితాల కోసం ఇంకా చూస్తున్నారు. కీమోకు ముందే అండాలను దాచుకునే మార్గం గురించి అడగండి. తర్వాత అడిగితే ఆలస్యమవుతుంది.

పసుపు, శతావరి, సోయా వాడవచ్చా?

కూరలో పసుపు నిక్షేపంగా వాడండి. పసుపు సారంతో చేసే కర్కుమిన్ గుళికలు వేరు. అవి టామోక్సిఫెన్ మోతాదును రక్తంలో తగ్గించవచ్చని ఒక చిన్న పరిశోధన సూచించింది. సోయా ఆహారంగా మితంగా తింటే హాని లేదు, సోయా మాత్రలు, పొడులు వద్దు. శతావరి వంటి, ఆడవాళ్ళ బలానికని అమ్మే లేహ్యాల్లో ఈస్ట్రోజెన్‌లా పనిచేసే పదార్థాలు ఉండవచ్చు కాబట్టి వాటికి దూరంగా ఉండటమే మేలు. వాడుతుంటే దాచకుండా సీసా తెచ్చి డాక్టరుకు చూపించండి.

ఒకరోజు మరచిపోతే?

గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే ఆ రోజు మాత్ర ఒక్కటే. రెండు కలిపి వేసుకోవద్దు. ఊరికి వెళ్ళేటప్పుడు పది రోజులకు అదనంగా పెట్టుకోండి. ఈ మందులు జన ఔషధి దుకాణాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి. మీ ఊళ్ళో దొరుకుతాయో లేదో చెన్నై వదిలేముందే కనుక్కోండి.

మగవాళ్ళకు కూడా ఇస్తారా?

ఇస్తారు. మగవాళ్ళకు వచ్చే రొమ్ము క్యాన్సర్ దాదాపుగా ఈఆర్ పాజిటివే, వాళ్ళకు టామోక్సిఫెనే ప్రధాన మందు. సిగ్గుతో ఆలస్యం చేయడమే వాళ్ళకు పెద్ద ముప్పు.

ఏ లక్షణం కనబడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి?

ఒకే కాలు వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గితే రక్తం వస్తే. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చేయి పట్టు తప్పడం జరిగితే. తెల్లారాక చూద్దాం అనుకోకండి. దగ్గర్లోని అత్యవసర విభాగానికి వెళ్ళి, 'క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడుతున్నాను' అని ముందు ఆ మాట చెప్పండి.

అయిదేళ్ళా, పదేళ్ళా? మీరు ఏం చేశారక్కా?

గడ్డ చిన్నదై, గ్రంథులకు పాకనివాళ్ళు అయిదేళ్ళతో ఆపేయవచ్చు. మిగతావాళ్ళకు పొడిగించడం వల్ల కొంత లాభం ఉంది, ఎముకలకు నష్టమూ ఉంది. 2021లో వచ్చిన ఆస్ట్రియా పరిశోధనలో, ముట్లుడిగినవాళ్ళు మొదటి అయిదేళ్ళ తర్వాత అనస్ట్రజోల్ మరో రెండేళ్ళు వాడినా, మరో అయిదేళ్ళు వాడినా ఫలితం ఒకేలా ఉంది. ఎక్కువ కాలం వాడినవాళ్ళలో ఎముకలు విరగడం మాత్రం ఎక్కువ.

నాకు రెండు గ్రంథులకు పాకింది. అయిదేళ్ళు టామోక్సిఫెన్ వాడాను. ముట్లుడిగాయని పరీక్షలో తేలాక లెట్రొజోల్‌కు మారాను. సంక్రాంతికి మొత్తం ఏడేళ్ళు నిండుతాయి. మా డాక్టరు డెక్సా స్కాను చూసి, ఆపాలో లేదో ఇద్దరం కూర్చుని తేల్చుకుందామన్నారు. స్కాను తేదీ కేలండరు మీద ఎర్ర సిరాతో రాసుకున్నాను. అప్పటివరకు రోజూ రాత్రి భోజనం అయ్యాక, కంచం తీయకముందే, మాత్ర వేసుకుంటున్నాను.